బండి పొగ ఎందుకు కక్కుతుంది?

సావనీరుకు సైన్సు వ్యాసం ఏదైనా ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగారు. కృష్ణబిలాల మీదా, కృత్రిమ మేధ మీదా ఇప్పటికే వ్యాసాలు వచ్చిపడ్డాయని కూడా చెప్పారు. సంతోషం. అంత ఎత్తుకు నేను పోలేను. నా విషయం నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. దాని పేరు సైలెన్సరు. అందులోంచి వచ్చే నీలిపొగ ఏం చెబుతుందో, దాన్ని ఇంటి దగ్గరే ఎలా మాన్పించవచ్చో రాస్తాను. పల్లెల నుంచి వచ్చిన మిత్రులకు ఇది పనికొస్తుందని ఆశ. పట్నం మిత్రులూ చదవవచ్చు. పొగ అందరిదీ కదా!

ముందు బండి సంగతి. మా నాన్నది నూరు సీసీ ఫోర్ స్ట్రోకు మోటారు సైకిలు. కంపెనీ పేరు అనవసరం. పల్లెల్లో ఇంటికొకటి కనబడే రకమే. దాని సిలిండరు నిలువుగా ఉండదు, ముందు చక్రం వైపుకి దాదాపు పడుకుని ఉంటుంది. 1958లో జపానులో హోండా వారు సూపర్ కబ్ అనే చిన్న బండి తెచ్చారు. దాని సిలిండరు కూడా ఇలాగే పడుకుని ఉండేది. తరవాత ఆ పద్ధతి ఎన్నో దేశాల చిన్న బండ్లకు పాకింది. విదేశాల్లో పిల్లలు బురదలోనూ, గుట్టల మీదా సరదాకు తోలే చిన్న డర్ట్ బైకుల్లో కూడా చాలావాటికి ఈ తరహా ఇంజనే ఉంటుంది. వాళ్లకు మట్టిదారి సరదా, మాకు అవసరం. ఇంజనుకు మాత్రం రెండూ ఒకటే.

పల్నాడులో మా ఊరు. పొద్దున్నే రెండు పాలక్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి, అక్కణ్ణించి మిరపచేనికి, సాయంత్రం ఎరువుల కొట్టుకి — ఇదీ మా బండి దినచర్య. మధ్యలో నాలుగు కిలోమీటర్ల డొంకదారి. వేసవిలో ముందు ట్రాక్టరు పోతే వెనక వచ్చేవాడికి దారి కనబడదు, దుమ్మే కనబడుతుంది. కిందటి వేసవిలో ఆ దుమ్ముకు తోడు మా బండి కూడా తన వంతు పొగ కలపటం మొదలుపెట్టింది.

పట్నంలో ఒక షెడ్డులో చూపించాం. మెకానిక్కు ఇంజను విప్పలేదు. సైలెన్సరు వైపు ఒకసారి చూసి, "బోరు పోయింది. బ్లాకూ పిస్టనూ మార్చాలి, హెడ్డు పని ఉంది, ఏడువేలు అవుతుంది" అన్నాడు. ఏడువేలంటే మా ఇంట్లో చిన్నమాట కాదు. నా మెస్సు బిల్లు రెండు నెలలది. కోల్డు స్టోరేజిలో ఉన్న మిరపకాయల మీద అప్పు తేవటమా, బండిని వచ్చినకాడికి అమ్మేసి పాలు మానుకోవటమా అని నాన్నా, అమ్మా రెండు రాత్రులు మాట్లాడుకున్నారు. సెలవలకు వచ్చి ఉన్న నేను పదిరోజులు గడువు అడిగాను.

మెకానిక్కును తిట్టటం నా ఉద్దేశం కాదు. పాత రింగుల స్థానంలో కొత్తవి వేసి పంపితే, నెల తిరక్కుండా బండి మళ్లీ వస్తే, ఆ ఖర్చు ఎవరు భరించాలి? అందుకని అన్నీ మార్చెయ్యటం అతనికి క్షేమం. మనకి మాత్రం ఏది పోయిందో తెలుసుకుని అదొక్కటే మార్చుకోవటం క్షేమం. తెలుసుకోవటానికి టైమున్నవాడు షెడ్డులో లేడు, ఇంట్లో ఉన్నాడు. అంతే తేడా.

ఇక అసలు విషయం. పొగ మూడు రంగుల్లో ఉంటుంది. చలికాలం పొద్దున తెల్లగా వచ్చి రెండు నిమిషాల్లో మాయమయ్యేది పొగ కాదు, నీటి ఆవిరి. పెట్రోలు కాలితే నీరు పుడుతుందని ఇంటర్మీడియేటు కెమిస్ట్రీలోనే చదివాం. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై, గాలి చాలక, మసి మిగిలిందని అర్థం. అది కారబ్యురేటరు తగువు, ఎయిర్ ఫిల్టరు పూడుకుపోయినా వస్తుంది. మూడోది నీలిపొగ. అది ఆయిలు.

ఆయిలు పొగ నీలంగా ఎందుకుంటుంది? ఆయిలు సిలిండరులోకి పోయి కొంత కాలి, కొంత కాలకుండా ఆవిరై, సైలెన్సరు దాటి చల్లగాలిలోకి రాగానే అతి సన్నని తుంపరగా మారుతుంది. ఆ బిందువులు కాంతి తరంగం పొడవు కంటే చిన్నవైతే, ఎరుపు కంటే నీలం కాంతిని ఎక్కువ చెదరగొడతాయి. ఆకాశం నీలంగా ఉండటానికి లార్డ్ రేలే చెప్పిన కారణం ఇదే. ఆకాశానికీ మా బండి సైలెన్సరుకీ చుట్టరికం ఉందని నాన్నకు చెబితే, "అయితే రేలే గారినే వచ్చి బాగుచెయ్యమను" అన్నాడు.

ఎంత ఆయిలు పోతే అంత పొగ వస్తుందో నేనొక లెక్క వేశాను. మా బండి 500 కిలోమీటర్లకు పావులీటరు ఆయిలు తాగుతోంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో అది పన్నెండున్నర గంటలు. నిమిషానికి 4,000 చుట్లు అనుకుంటే, ఫోర్ స్ట్రోకులో రెండు చుట్లకొక పేలుడు కాబట్టి నిమిషానికి 2,000 పేలుళ్లు. మొత్తం 15 లక్షలు. పావులీటరును 15 లక్షలకు పంచితే పేలుడుకు ఒక ఘన మిల్లీమీటరులో ఆరోవంతు వస్తుంది. అనగా, సుమారు 300 పేలుళ్లకు కలిపి ఒక్క చుక్క! ఆ ఒక్క చుక్కకే వెనక వచ్చేవాడు ముక్కు మూసుకుంటున్నాడు.

ఈ చుక్క ఏ దారిన వచ్చిందన్నదే ప్రశ్న. పిస్టనుకు మూడు రింగులుంటాయి. పై రెండూ పేలుడు గాలిని కిందికి పోకుండా ఆపుతాయి. మూడోది గోడమీది ఆయిలును గీకి కిందికి పంపుతుంది. రింగులు గానీ, అవి రాసుకునే గోడ గానీ అరిగితే ఆయిలు పైకి వస్తుంది. ఇది మొదటి దారి. రెండోది హెడ్డులో ఉంది. వాల్వు కాడ చుట్టూ గోరంత రబ్బరు సీలు ఉంటుంది. అది ఎండి గట్టిపడితే పైనున్న ఆయిలు కాడ వెంబడి లోపలికి జారుతుంది. మూడోది దారి అనటం కంటే అతి ప్రేమ అనటం న్యాయం. బండికి బలమని ఆయిలు గీత దాటించి పోస్తారు. ఎక్కువైన ఆయిలు బ్రీదరు గొట్టం ద్వారా గాలితో కలిసి ఇంజనులోకే పోతుంది. కాబట్టి బండి సమంగా నిలబెట్టి, పుస్తకంలో చెప్పినట్టు ఆయిలు పుల్ల తీసి చూడటం మొదటిపని. దీనికి ఖర్చులేదు.

తరవాత, పొగ ఎప్పుడు వస్తోందో చూడాలి. ఇది చాలామంది పట్టించుకోరు. రాత్రంతా ఉన్న బండి పొద్దున స్టార్టు చెయ్యగానే గుప్పుమని వదిలి, ఆపైన మామూలైతే వాల్వు సీలును అనుమానించాలి. పల్లానికి యాక్సిలరేటరు మూసి దిగి, కింద మళ్లీ తిప్పినప్పుడు గుప్పుమన్నా అదే. యాక్సిలరేటరు మూసినప్పుడు ఇన్‌టేకు దారిలో గాలి పీడనం తగ్గిపోయి ఆయిలును పీల్చుకుంటుంది మరి. అలాకాక బరువు వేసుకుని ఎక్కుడు ఎక్కేటప్పుడు ఆగకుండా పొగ వస్తూ, లాగుడు కూడా తగ్గితే రింగులూ బోరూ అనుకోవాలి. నేను మూడురోజులు నాన్న వెనక సైకిలు తొక్కి చూశాను. పాలక్యాన్లతో చెరువుకట్ట ఎక్కేటప్పుడే పొగ. పొద్దున స్టార్టింగులో దాదాపు లేదు.

అనుమానం రుజువు కావాలంటే కంప్రెషన్ గేజి కావాలి. ట్రాక్టరు పని చేసే మా బాబాయి దగ్గర ఒకటి ఉంది. ఇంజను కాస్త వేడిగా ఉండగా ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పిపట్టి కిక్కు కొట్టాలి. చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు చూపింది. బండి పుస్తకంలో ఉండవలసిన అంకె అంతకంటే చాలా పైన ఉంది. ఇప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే, ఆయిలు రింగుల సందు మూసిందన్నమాట. అంటే కారేది రింగుల దగ్గరే. పెరక్కపోతే వాల్వుల దగ్గర కారుతోంది. పడుకున్న సిలిండరులో ఆయిలు అడుగుకే చేరుతుంది కాబట్టి నాలుగైదుసార్లు మెల్లగా కిక్కు నొక్కి దాన్ని గోడలకు పట్టించాకే గేజి పెట్టాలి. మాకు 7 కాస్తా 10 అయింది. దొంగ దొరికాడు. ఇక ఆ దొంగ రింగా, బోరా అన్నది తేలాలి. మూడువందలకూ ఏడువేలకూ మధ్య తేడా అక్కడుంది.

దానికి ఇంజను విప్పక తప్పదు. పడుకున్న సిలిండరుతో సుఖమేమిటంటే, ఫ్రేములోంచి ఇంజను దించకుండానే హెడ్డూ, సిలిండరూ ముందుకు లాగి తీయవచ్చు. ఇంజను పూర్తిగా చల్లారాలి. పెట్రోలు ట్యాపు కట్టెయ్యాలి. చుట్టుపక్కల బీడీ, పొయ్యీ ఉండకూడదు. బయట అంతా కిరసనాయిలుతో కడిగి తుడిచాకే స్పానరు పట్టుకోవాలి. ఏ దుమ్ము వల్ల ఇంజను పాడైందో అదే దుమ్మును మనచేత్తో లోపల వెయ్యకూడదు కదా. అమ్మ జంతికల డబ్బా మూతలూ, పాత స్టీలు పళ్లేలూ ఇచ్చింది. తీసిన ప్రతి నట్టూ ఏ వరసలో తీశానో ఆ వరసలోనే పేర్చి, కాగితం ముక్కల మీద పేర్లు రాసి పెట్టాను. నాన్న పక్కన మంచం వాల్చుకుని, "చదువుకునేవాడివి, నీకెందుకురా ఈ మసి" అంటూనే టార్చిలైటు పట్టుకున్నాడు.

విప్పేటప్పుడు ముఖ్యమైనది టైమింగు చైను. మ్యాగ్నెట్టు మీద టీ అక్షరం గుర్తు దాని గీతకు ఎదురుగా వచ్చేలా, పైన క్యాము చక్రం మీది గుర్తు హెడ్డు మీది గంటుకు ఎదురుగా వచ్చేలా తిప్పి, ఫోను ఉన్నవాళ్లు ఫోటో తీసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ఇదే స్థితి రావాలి. ఒక పన్ను తేడా వస్తే వాల్వులు వేళతప్పి తెరుచుకుంటాయి. బండి స్టార్టు కాదు, లేదా వాల్వు పిస్టనుకు తగిలి వంగుతుంది. చైను లోపలికి జారిపోకుండా తీగతో కట్టెయ్యాలి. హెడ్డు నట్లు ఒకటి పూర్తిగా తీసి మరొకటి కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యాలి. పిస్టను పిన్ను క్లిప్పు తీసేముందు కింద ఇంజను నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఆ క్లిప్పుకు ఎగిరి లోపల పడటం మహా సరదా.

ఇప్పుడు కొలత. ఫిజిక్సు లాబులో వెర్నియరు కాలిపర్సుతో గొట్టం లోపలి వ్యాసం కొలవటం మనందరం చేసినదే. అయితే ఆ వెర్నియరు లీస్టు కౌంటు 0.1 మిల్లీమీటరు. నాకు కావలసిన అరుగుదల అందులో సగం కూడా ఉండకపోవచ్చు. బోరు కొలిచే డయల్ గేజి మా ఊళ్లో ఎవరిదగ్గరా లేదు. దీనికొక ఉపాయం ఉంది. కొత్త రింగును ఒక్కదాన్నే సిలిండరులో పెట్టి, పిస్టనుతో నెట్టి సమంగా చేసి, రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవాలి. పిస్టను తిరుగాడని అడుగుభాగం దాదాపు అరగదు. పైభాగం, అంటే పేలుడు దగ్గరి చోటు, ఎక్కువ అరుగుతుంది. రెండుచోట్లా కొలిస్తే తేడా తెలుస్తుంది.

ఇందులో అందం ఎక్కడుందంటే, చుట్టుకొలత వ్యాసానికి పై రెట్లు. వ్యాసం ఎంత పెరిగితే రింగు సందు దానికి 3.14 రెట్లు పెరుగుతుంది. అనగా ఈ చిన్న రింగే మన అరుగుదలను మూడురెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. మా సిలిండరులో అడుగున సందు 0.20 మిల్లీమీటర్లు, పైన 0.30. తేడా 0.10. దాన్ని 3.14తో భాగిస్తే అరుగుదల 0.03 మిల్లీమీటర్లు. రిపేరు పుస్తకం ఇచ్చిన హద్దు ఇంకా దూరంలోనే ఉంది. అదే చోట పాత రింగు సందు 0.70 ఉంది. అంటే బోరు బతికే ఉంది, రింగులు పోయాయి. గోడమీద గోరుకు తగిలే గాటు కూడా లేదు. పిస్టను పక్కల చారలున్నాయి గానీ లోతు లేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక నాన్న మళ్లీ మిరపకాయల అప్పు మాట ఎత్తలేదు.

కొత్త రింగులు వెయ్యటానికి ముందు గోడ నునుపు పోగొట్టాలి. అద్దంలా మెరిసే గోడమీద ఆయిలు నిలవదు, కొత్త రింగు సరిగా కూర్చోదు. లేతు షాపులో హోనింగు చేయిస్తే ఒకదానికొకటి అడ్డంగా సన్నని గీతలు పడతాయి. తెచ్చాక సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. కిరసనాయిలు చాలదు, రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. వెంటనే ఆయిలు రాయకపోతే గంటలో తుప్పు పడుతుంది.

పాత రింగు ముక్కతో పిస్టను గాళ్లలోని మసి గీకి, ఆయిలు రింగు ముందు, తరవాత రెండోది, చివర పైది వేశాను. రింగు మీద అక్షరం ఉన్నవైపు పైకి రావాలి. మూడు రింగుల సందులూ ఒకే వరసలో ఉంటే పేలుడు గాలికి తిన్నని దారి దొరుకుతుంది కాబట్టి, వాటిని మూడువైపులకు తిప్పాలి. పిస్టను తలమీది గుర్తు ఇన్‌టేకు వాల్వు వైపుకు ఉండాలి. హెడ్డు ఎటూ చేతిలోనే ఉంది కాబట్టి వాల్వు సీళ్లు కూడా మార్చాం. అవి ఎనభై రూపాయలు. వాల్వు స్ప్రింగు నొక్కే పనిముట్టు బాబాయిది. హెడ్డు దారుల్లో కిరసనాయిలు పోసి పదినిమిషాలు ఉంచితే వాల్వుల దగ్గర చెమ్మ రాలేదు. గ్యాస్కెట్లు మాత్రం పాతవి వాడకూడదు. హెడ్డు నట్లు మళ్లీ ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా, పుస్తకం చెప్పిన బిగువుకే బిగించాలి. అల్యూమినియం మరలు మన భుజబలానికి తట్టుకోవు. చివర వాల్వు సందు సరిచూడాలి.

ఖర్చు రాస్తాను. రింగులు 350, గ్యాస్కెట్లు 150, సీళ్లు 80, హోనింగు 200, ఆయిలు 400, ఎయిర్ ఫిల్టరు 150. మొత్తం 1,330 రూపాయలు. కూలి కింద అమ్మ ఒకరోజు గారెలు వండింది.

ఆ ఎయిర్ ఫిల్టరు గురించి చెప్పకపోతే మిగిలినదంతా దండగ. రింగులు అరిగాయి సరే, ఎందుకరిగాయి? ఫిల్టరు డబ్బాకూ, కారబ్యురేటరుకూ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని వేళ్లతో వంచి చూస్తే కిందివైపు పగిలి ఉంది. ఇంజను ఫిల్టరును తప్పించుకుని, ఆ పగులులోంచి డొంకదారి దుమ్మును నేరుగా పీల్చుతోందన్నమాట. దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకంటే క్వార్ట్జు, దాని కాఠిన్యం మోస్ స్కేలు మీద 7. సిలిండరు పోత ఇనుము అంత గట్టిది కాదు. ఆ పొడి ఆయిలులో కలిస్తే సానపట్టే ముద్దే. ఆ గొట్టం మార్చకుండా రింగులు వేస్తే ఆర్నెల్లకు మళ్లీ ఇదే కథ. గొట్టం మాకు పాతసామాను కొట్టులో ఊరికే దొరికింది, కొట్టువాడు నాన్నకు తెలిసినవాడు కావటం వల్ల.

పొగకు కొందరు చిక్కటి ఆయిలు పొయ్యమంటారు, మరికొందరు సీసాల్లో అమ్మే మందులు పొయ్యమంటారు. చిక్కటి ఆయిలు సందుల్లోంచి కాస్త నెమ్మదిగా పోతుంది, నిజమే. సందు మాత్రం అలాగే ఉంటుంది. పైగా చల్లటి పొద్దున స్టార్టు చేసినప్పుడు పైదాకా వెంటనే చేరదు. పుస్తకంలో చెప్పిన రకమే మంచిది.

బిగించాక మొదటి రోజు బండి ముందుకంటే ఎక్కువ పొగ కక్కితే కంగారుపడకూడదు. సైలెన్సరులో పాతదంతా పేరుకుని ఉంటుంది, అది కాలిపోవాలి. మాకు పన్నెండు కిలోమీటర్లు పట్టింది. గదిలో గానీ, తలుపులు మూసిన చావిట్లో గానీ ఇంజను ఆడించకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తీసిన పాత ఆయిలును కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వండి. మొదటి 500 కిలోమీటర్లు ఎక్కువ బరువు వెయ్యకుండా, ఒకే వేగంతో పోకుండా తోలి, ఆపైన ఆయిలు మార్చాలి.

అన్నీ ఇంట్లో అయ్యేవి కావు. సిలిండరు తీశాక కనెక్టింగు రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగితే టక్కుమని ఆడితే అది క్రాంకు పని, ప్రెస్సు మిషను ఉన్నచోటికి పోవాలి. గోడమీద గోరు ఆగే గాటు ఉన్నా, రింగు లెక్క హద్దు దాటినా బోరింగు షాపే గతి. అప్పుడు మెకానిక్కు ఏడువేలన్నా బేరమాడుకోవచ్చు గానీ కాదనలేం.

మా బండి ఇప్పటికి 600 కిలోమీటర్లు తిరిగింది. గేజి 11.5 చూపుతోంది. ఆయిలు పుల్లమీద గీత అగ్గిపుల్ల మందమంత దిగింది. చెరువుకట్ట ఎక్కేటప్పుడు వెనక సైకిలు మీద నేనే మళ్లీ చూశాను. పొగ లేదు, దుమ్ముంది. ప్రస్తుతం మా చావిట్లో పక్కింటి మామయ్య గారి పవర్ స్ప్రేయరు ఉంది. అది టూ స్ట్రోకు, ఆయిలు పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. దాని పొగ లెక్క వేరు.